ఐదు గంటల బస్సు

నంద్యాలలో స్టేషనుకు పోయే దారిలో ప్రభుదాసు సైకిల్ షాపు తెలియనివాళ్లు లేరు. షాపు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు రేకులు, ఒక బల్ల, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి, అద్దెకిచ్చే సైకిళ్లు ఆరు. వాటిలో రెండింటికి ఎప్పుడూ ఏదో ఒక రోగం. అయినా జనం ఆయన దగ్గరికే పోయేవారు. యుద్ధం రోజుల్లో ఆయన బర్మా సరిహద్దులో సైకిల్ మీద మిలిటరీ కాగితాలు మోశాడు. పల్టన్ల మధ్య పెట్టిన పందెంలో తెల్లవాళ్లను కూడా వెనకేసి ఒక చేతి గడియారం గెల్చుకున్నాడు. ఆ గడియారమంటే ఆయనకు ప్రాణం. రోజూ మధ్యాహ్నం స్టేషనుకు పోయి, అక్కడి పెద్ద గడియారంతో సరిచూసుకుని వచ్చేవాడు. "నా గడియారం నిమిషం తప్పితే ఈ చెయ్యి నరుక్కుంటా" అని బడాయి పోయేవాడు. అది ఎప్పుడూ తప్పలేదు, ఆయన చెయ్యీ ఎక్కడికీ పోలేదు.

1957 వేసవిలో ఒక పొద్దున ఆ షాపు ముందుకు మద్దిలేటి వచ్చి నిలబడ్డాడు. ఆళ్లగడ్డ మనిషి, పదహారెకరాల రైతు, ముప్పై దాటిన వయసు. పంచె ఎగ్గట్టి, ఒళ్లంతా దుమ్ముతో పాత సైకిల్ ఒకటి పట్టుకుని ఉన్నాడు. పంక్చరేమో అనుకుని ప్రభుదాసు చక్రం వైపు చూశాడు.

"పంక్చరు కాదు ప్రభుదాసూ. ఈడ్నుంచి ఆళ్లగడ్డకు గంటా నలభై నిమిషాల్లో పోవాల. నేర్పిస్తావా?"

ప్రభుదాసుకు నవ్వొచ్చింది. ఇరవై ఆరు మైళ్లు, అదీ కంకర రోడ్డు. "పందెమేమన్నా పెట్టినారా రెడ్డీ?"

"ల్యా."

"మరి ఆ గంటా నలభై ఏంది? గంటన్నర కాదు, రెండు గంటలు కాదు. లెక్కగా చెప్తాండావే."

మద్దిలేటి బల్ల మీద కూర్చుని చెప్పాడు. సంతలో ఎద్దు పళ్లు లెక్కబెట్టి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

రెండేళ్ల కిందట, ఆశ్వయుజ మాసంలో ఒకనాడు, ఆయన భార్య నాగేశ్వరమ్మ వామిలోంచి గడ్డి పీకుతుంటే చేతికి పురుగు ముట్టింది. ఆ ఇళ్లల్లో పాము అనే మాట నోట పలకరు, కరిచినా పురుగు ముట్టిందనే అంటారు. ఆళ్లగడ్డ దవాఖానా కాంపౌండరు వచ్చి చూశాడు. బండెక్కించి కుదిపితే విషం తొందరగా పాకుతుందన్నాడు. దానికి సూది మందు తన దగ్గర లేదని, నంద్యాల పెద్దాసుపత్రిలో దొరుకుతుందని చెప్పాడు. మధ్యాహ్నం బస్సు అప్పటికే పోయింది. మద్దిలేటి సైకిల్ ఎక్కాడు. నంద్యాల చేరి, మందు సీసా పంచె అంచులో మూటగట్టుకుని తిరిగి బయల్దేరేసరికి ఆసుపత్రి గోడ గడియారంలో మూడూ ఇరవై. ఆళ్లగడ్డ దవాఖానా మెట్లెక్కేసరికి అక్కడి గోడ గడియారంలో ఐదూ నలభై. కాంపౌండరు సంచీ అందుకుని, "పద పద" అంటూ ఆయనకంటే ముందే పరుగెత్తాడు. రెండు వీధులు దాటి ఇంటి మలుపు తిరగ్గానే ఏడుపులు వినిపించాయి.

"ఎంతసేపాయె?" అని మద్దిలేటి తల్లిని అడిగాడు.

"ఐదు గంటల బస్సు హారన్ కొడతానే పానం పోయింది నాయనా" అంది తల్లి రామమ్మ.

కడప వైపు నుంచి వచ్చి కోవెలకుంట్లకు మళ్లే ఆ బస్సు వాళ్ల వీధి చివరే ఆగుతుంది. ఆ వీధిలో చాలా ఇళ్లకు అదే గడియారం. పొయ్యి రాజేయడం, పాలు పితకడం, అన్నీ దాన్ని బట్టే. ఐదుకు ప్రాణం పోయింది, ఐదూ నలభైకి మందు వచ్చింది. నలభై నిమిషాలు.

"రెండు గంటలా ఇరవై నిమిషాలు పట్టె నాకు" అన్నాడు మద్దిలేటి. "గంటా నలభైలో పోయింటే అందుకునేటోణ్ణి. అట్ల పోవచ్చునా పోరాదా అని తెలుసుకోవాల."

ప్రభుదాసు చేతిలోని పానా కింద పెట్టాడు. "పోగలిగితే ఏం జేస్తావ్? పోలేకపోతే ఏం జేస్తావ్?"

"తెల్దు. తెలుసుకోవాల, అంతే."

నిజానికి మద్దిలేటికి ఇంతవరకు ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, పదకొండో రోజూ రాలేదు. జనం మొదట ధైర్యస్తుడన్నారు, తర్వాత రాతిగుండె అన్నారు, ఆ తర్వాత వాళ్ల పనుల్లో వాళ్లు పడిపోయారు. ఎక్కువసేపు మఠం వేసుక్కూర్చుంటే కాలికి తిమ్మిరెక్కి గిల్లినా తెలియదు కదా, ఆయనకు మనసంతా అట్లాగే ఉండేది. సంగటి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. రెండో పెళ్లి సంబంధాలు తెస్తే శ్రద్ధగా వినేవాడు, చేసుకుంటాననీ అనడు, వద్దనీ అనడు. తెచ్చినవాళ్లే విసిగి కండువా దులుపుకుని వెళ్లిపోయేవారు. ఆ నలభై నిమిషాల లెక్క ఒక్కటే ఆయనలో బతికి ఉంది.

ఆ వారంలోనే ప్రభుదాసు ఇంకో సైకిల్ మీద ఆయన వెనకే ఆళ్లగడ్డ దాకా వచ్చాడు. నేర్పడానికి ముందు చూడాలన్నాడు. దారంతా వెనకే ఉండి గమనించాడు. ఆళ్లగడ్డలో నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు నోరు విప్పాడు.

"నువ్వు తొక్కేది మరీ అంత మెల్లగా ల్యా రెడ్డీ. నువ్వు దిగేది ఎక్కువ. పదకొండు తూర్లు దిగితివి."

అబద్ధం కాదు. దీబగుంట్ల దగ్గర ఎవరో పెద్దమనిషి ఎదురైతే దిగాడు. దూరపు చుట్టం ఒకాయన బండి తోలుకుని వస్తుంటే దిగాడు. శిరివెళ్ల మెట్ట దగ్గర పుల్లయ్య మామ అరుగు మీద కూర్చుని ఉంటే దిగాడు. పుల్లయ్య నాగేశ్వరమ్మకు పెదనాన్న, తండ్రి లేని పిల్లను చంకనెత్తుకుని పెంచినవాడు. అట్లాంటి మనిషి ముందు అల్లుడు సైకిల్ మీద కూర్చుని పోవడమనేది ఆ ఊళ్లలో జరగని పని. దిగాలి, హ్యాండిల్ పట్టుకుని నడవాలి, బాగున్నారా అని అడగాలి, లోపలి నుంచి మజ్జిగ వస్తే తాగాలి. ఆ రోజు కూడా మజ్జిగ వచ్చింది. మద్దిలేటి తాగినంతసేపూ ప్రభుదాసు దూరంగా ఎండలో, సైకిల్ పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆయనకు మజ్జిగ ఇవ్వాలని అరుగు మీద ఎవరికీ తోచలేదు. తోచకపోవడం మద్దిలేటికీ తోచలేదు.

"ఆ అరుగు కాడ మజ్జిగకు పద్నాలుగు నిమిషాలు పట్టె నీకు" అన్నాడు ప్రభుదాసు, గడియారం మీద వేలు పెట్టి. "మందు తెచ్చిన పొద్దు గూడా దిగితివా?"

"దిగితి. మామ అరుగు మీదనే ఉండె. నాగమ్మకు పురుగు ముట్టింది మామా అని చెప్పాలనుకుంటి. ఆయప్ప మొగం చూస్తే నోరు రాల్యా. ఇచ్చిన మజ్జిగ తాగి వస్తి."

"అప్పుడూ ఇంతేసేపా?"

"ఇంతే ఉంటాది."

ప్రభుదాసు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "అది తీసేసినా ఇంకా ఇరవై ఆరు నిమిషాలు కావాల గదా. అందేది కాదులే."

ఇద్దరూ ఆ పద్నాలుగు నిమిషాల్ని అక్కడే వదిలేశారు.

"ఒగ మాట అడుగుతా, ఏమనుకోగాకు" అన్నాడు ప్రభుదాసు మళ్లీ. "మమ్మల్నయితే దిగమంటారు. మిలిటరీ నుంచి వచ్చిన కొత్తల్లో ఇట్లాంటి అరుగుల ముందర ఎక్కి పోతాంటే దింపి, సైకిల్ నెత్తిన పెట్టుకోని నడవమనిరి. నడిస్తి. నిన్నెవరు దిగమన్నారు?"

ప్రభుదాసు జవాబు కోసం ఆగలేదు. మొదటి పాఠం అక్కడికక్కడే చెప్పేశాడు. "ఎక్కినాక కాలు నేలకు తగలగూడదు. ఎవరు ఎదురొచ్చినా సరే."

తర్వాతి పాఠాలు షాపులో. రైతులందరిలాగే మద్దిలేటి కూడా సీటు కిందికి దించి, మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు తొక్కేవాడు. ప్రభుదాసు దాన్ని నాలుగు వేళ్లు పైకి లేపాడు. మడిమతో కాదు, ముందు పాదంతో తొక్కమన్నాడు. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్ ఊడబీకాడు. బెల్లు మర విప్పుతుంటే మద్దిలేటి చెయ్యి అడ్డం పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. వీధి మలుపులో ఆ బెల్లు వినపడితే నాగేశ్వరమ్మ కాళ్లకు నీళ్లు తెచ్చి వాకిట్లో పెట్టేది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ప్రభుదాసు బెల్లును మేకుల డబ్బాలో పడేశాడు.

పంచె చైనులో పడుతుందని నిక్కరు వేయించాడు. ముప్పై రెండేళ్ల రైతు బడిపిల్లోడిలా నిక్కరేసుకుని రోడ్డెక్కితే ఆళ్లగడ్డ ఊరుకుంటుందా? నవ్వినవాళ్లు నవ్వారు, నవ్వనివాళ్లు జాలిపడ్డారు. రామమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎవరు తరుముకోని వస్తాండారని నాయనా ఇట్ల పరిగెత్తుతాండావ్?"

"ఎవరూ ల్యామ్మా" అన్నాడు కొడుకు. అది కూడా మామూలుగానే అన్నాడు.

వారానికి రెండు పొద్దులు, ఎండ ముదరకముందే సాధన. ప్రభుదాసు షాపు రూతుకు అప్పగించి వెనకే వచ్చేవాడు. రూతు ఆయన భార్య, పంక్చరు వేయడంలో మొగుడికి తీసిపోదు. ఒక్కోసారి ప్రభుదాసు ఏదో ఒక మైలురాయి మీద కూర్చుని గడియారం చూస్తుండేవాడు. ఊపిరి ఎట్లా తీయాలో, గాలి ఎదురైతే నడుము ఎంత వంచాలో, దిగకుండా సీసాలో నీళ్లు ఎట్లా తాగాలో చెప్పేవాడు. తొక్కబోయే ముందు సంగటి ముద్ద మానిపించాడు. తొడలు పగిలిపోయేట్టు నొప్పి పెట్టేవి. మద్దిలేటికి ఆ నొప్పి బాగానే ఉండేది. ఆయన ఒంట్లో తెలిసేది అదొక్కటే.

శిరివెళ్ల మెట్ట దగ్గర పుల్లయ్య మామ పిలిచాడు. మద్దిలేటి దిగలేదు. మళ్లీ వారం పిలిచాడు, దిగలేదు. మూడోసారి ముసలాయన పిలవలేదు. ఊతకర్ర పట్టుకుని లేచి లోపలికి పోయాడు. "బిడ్డ పోయినాక నేనెవర్ని లే" అన్నాడని కబురొచ్చింది. ఆ కబురు విని మద్దిలేటి బాధపడలేదు. ఆ నెల శిరివెళ్ల దాకా పట్టే సమయంలో ఆరు నిమిషాలు తగ్గిందని మాత్రం లెక్క చూసుకున్నాడు. మనిషి అంతదాకా పోయాడు.

1958 చివరికి గంటా యాభైకి వచ్చి, అక్కడ ఆగిపోయాడు. ఏడాది గడిచినా నిమిషం తగ్గలేదు. ప్రభుదాసు నట్లు మార్చాడు, టైర్లు మార్చాడు, మనిషిని తిట్టాడు. చివరికి ఒకరోజు కనిపెట్టాడు.

"గోవిందపల్లె దాటినాక నీ కాళ్లు పడిపోతాండాయి రెడ్డీ. అది అలుపు కాదు. నీకు చేరాలని ల్యా."

మద్దిలేటి చక్రం ఒకసారి తిప్పి వదిలాడు. "చేరితిననుకో ప్రభుదాసూ. అప్పుడు గూడా చేరగలిగేటోణ్ణే అని గదా అర్థం? చేతగాక కాదు, నేనే పోగొట్టుకుంటినని గదా?"

ఇదీ ఆయన భయం. గంటా నలభైలో ఎవరూ పోలేరని తేలాలని, తేలితే తన చేతిలో ఏమీ లేదని నమ్మొచ్చని, అందుకోసం తొక్కుతున్నాడు పాపం. ప్రభుదాసుకు అది మొదటి రోజే అర్థమైంది.

"నువ్వు తొక్కు. చేరినాక నేనొగ మాట చెప్తా. చేరకపోతే చెప్పను" అన్నాడు.

ఏం చెబుతాడో అన్న ఆరాటం కూడా మద్దిలేటికి లేదు. కానీ చెప్పినట్టు వినడం అలవాటైంది. తొక్కాడు.

1960లో, ఉగాది వెళ్లిన వారానికి, అసలు రోజు వచ్చింది. ఈసారి పొద్దున కాదు, సరిగ్గా అదే వేళకు. మధ్యాహ్నం ఇద్దరూ స్టేషనుకు పోయి గడియారం సరిచూసుకున్నారు. ప్రభుదాసు దాన్ని తీసి మద్దిలేటి మణికట్టుకు కట్టాడు. ఇంకొకరి చేతికి అది ఎక్కడం అదే మొదలు. రూతు మూటగట్టిన రొట్టెలు తీసుకుని బస్సులో ఆళ్లగడ్డకు ముందుగా పోయి, దవాఖానా మెట్ల మీద కూర్చున్నాడు.

మూడూ ఇరవైకి మద్దిలేటి ఆసుపత్రి గేటు ముందు పెడల్ మీద కాలు పెట్టాడు. ఆ తర్వాత ఆ కాలు నేలకు తగలలేదు. ఎవరెదురొచ్చారో చూడలేదు. శిరివెళ్ల మెట్ట దగ్గర అరుగు వైపు మొహం తిప్పలేదు. గోవిందపల్లె దాటినాక కాళ్లు పడిపోలేదు. దవాఖానా ముందు దిగేసరికి చేతి గడియారంలోనూ, లోపల గోడ గడియారంలోనూ నాలుగూ యాభై ఆరు. గంటా ముప్పై ఆరు నిమిషాలు.

ప్రభుదాసు ఎగిరి గంతెయ్యలేదు. ఆయన్ని పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు చెప్తా, విను. సీటు లేపి, గార్డులు పీకి, సంగటి మాన్పిచ్చి, చుట్టాలతో తెంపుకోని, మూడేండ్లు తొక్కితే ఈ పొద్దుకు అందింది నీకు. ఆ పొద్దు పంచె కట్టుకోని, పాత సైకిల్ మీద, అప్పుటికే ఇరవై ఆరు మైళ్లు తొక్కివచ్చిన మనిషికి అందేదా? ఎవనికీ అందేది కాదు. నీ తప్పు ల్యా రెడ్డీ. ఊరికే చెప్పింటే నమ్మేటోడివి కాదని ఇంత తొక్కిచ్చిన."

మద్దిలేటి ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసినా అది సరిగ్గానే ఉంది. నలభై నిమిషాలు మూడేళ్లంత పెద్దవి. ఒక మధ్యాహ్నంలో పుట్టేవి కావు. ఆయన భుజాలు కిందికి దిగాయి.

"ఆకలయితాండాది" అన్నాడు. అయిదేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

ప్రభుదాసు మహా సంబరంగా మూట విప్పాడు. జొన్నరొట్టెలు, శనక్కాయల పచ్చడి. ఒకే గుడ్డలోంచి ఇద్దరూ తిన్నారు. రూతు రొట్టె ఎంత పల్చగా కొడుతుందో ప్రభుదాసు చెబుతుంటే మద్దిలేటి నవ్వాడు కూడా. రెండో రొట్టె తుంచుతుండగా రెండు వీధుల అవతల హారన్ వినిపించింది.

"ఐదు గంటల బస్సు" అన్నాడు మద్దిలేటి అలవాటు కొద్దీ. మూడేళ్ల సాధనలో ఇంకో అలవాటు కూడా అయింది. మణికట్టు చూసుకున్నాడు. ఐదున్నర.

కాంపౌండరు తలుపు దగ్గరేసి తాళం వేస్తున్నాడు. అదే కాంపౌండరు.

"ఈ పొద్దు బస్సు లేటేమప్పా?" అని అడిగాడు మద్దిలేటి.

"లేటేంది? ఐదు గంటల బస్సు ఐదున్నరకే గదా వచ్చేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడే టైము మార్చినారు. పేరు ఎవరూ మార్చల్యా, అంతే." తాళం లాగి చూసుకుని ఆయన ఇంటికి పోయాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చింది యాభై మూడులో. నాగేశ్వరమ్మ పోయింది యాభై ఐదులో.

మద్దిలేటి చేతిలో రొట్టె అట్లాగే ఉంది. ఆ రోజు ఈ కాంపౌండరు సంచీ అందుకుని తనకంటే ముందు పరుగెత్తాడు. ఆమె పోయి నలభై నిమిషాలై ఉంటే రెండు వీధుల దూరానికి కబురు చేరకుండా ఉంటుందా? ఆయన పరుగెత్తేవాడా? ఇన్నేళ్లు అది ఎందుకు తోచలేదు? ఆలస్యమైంది నలభై నిమిషాలు కాదు, పది. మూడేళ్ల సాధన అక్కర్లేదు. సీటు లేపక్కర్లేదు, నిక్కరు అక్కర్లేదు. ఆ పంచెతో, ఆ పాత సైకిల్ మీద, ఆ కాళ్లతోనే అందేది. ఒక్క అరుగు ముందు దిగకుండా ఉంటే చాలు.

తిమ్మిరి వదిలేటప్పుడు కాలు ఎట్లా పోటు పెడుతుందో, గుండెలో అట్లా మొదలైంది. అయిదేళ్ల తర్వాత మద్దిలేటికి నొప్పి తెలిసింది.

ప్రభుదాసు కూడా లెక్క వేశాడు. రొట్టె కింద పెట్టి, మద్దిలేటి మణికట్టు పట్టుకుని, గడియారం మీద అరచెయ్యి కప్పాడు.

"నాలుగు నిమిషాలు రెడ్డీ" అన్నాడు.

"ఏంది?"

"మజ్జిగకు. మొదటి పొద్దు శిరివెళ్ల కాడ నేను చూసింది నాలుగు నిమిషాలు. నాలుగంటే నువ్వు పద్నాలుగని విన్నావ్. నాలుగు తీసేస్తే అప్పుటికీ ఆరు నిమిషాలు లేటే నువ్వు. అందేది కాదు. నా గడియారం తప్పు చెప్పదు, నీకు తెల్సు గదా."

పదిహేనేళ్లుగా నిమిషం అటూ ఇటూ అనని మనిషి, కళ్లలోకి చూస్తూ పది నిమిషాలు మింగేశాడు. ఎండలో మజ్జిగ లేకుండా నిలబడి లెక్కబెట్టిన పద్నాలుగు నిమిషాలవి. ఆయన మరిచిపోయేవి కావు. మద్దిలేటికి ఆ సంగతి తెలుసు. తనకు తెలుసని ప్రభుదాసుకూ తెలుసు.

మద్దిలేటి గడియారం విప్పి, ప్రభుదాసు చేతికి తానే కట్టాడు.

"అవునన్నా" అన్నాడు. అంతవరకూ ఆయన్ని ఎన్నడూ పేరు పెట్టి తప్ప పిలవలేదు. "నాలుగే."

ఆ మాట అన్నాక మద్దిలేటికి ఏడుపు వచ్చింది.